మీకు తెలుసా? టి కణాలకు ఓర్పు నేర్పేది ఓ బుల్లి ప్రొటీన్!

జ్వరం వస్తే మన ఒంట్లోని రోగనిరోధక కణాలు ఎలా పోరాడతాయో చాలాసార్లు చదివే ఉంటారు. అవి ఎప్పుడు, ఎందుకు ఊరుకుంటాయన్నది మాత్రం అంతగా చర్చకు రాదు. వైరస్ సోకిన కణాన్ని చంపేసే టి కణం అనే రోగనిరోధక కణం, దాని పక్కనే ఉన్న ఆరోగ్యవంతమైన కణం జోలికి పోదు. ఆ ఓర్పు నశిస్తే కీళ్లవాతం, టైప్-1 మధుమేహం, మల్టిపుల్ స్క్లెరోసిస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు తలెత్తుతాయి. ఎప్పుడు విజృంభించాలి, ఎప్పుడు తగ్గాలి అన్న నిర్ణయంలో పెద్ద పాత్ర యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్‌ది. దాన్ని మరో ప్రొటీన్‌కు తగిలించే ప్రక్రియే యుబిక్విటినేషన్. ఆ విశేషాలు కొన్ని...

1. వెతికింది ఒకటి, దొరికింది మరొకటి

టి కణాల మూలం ఎముక మజ్జలో ఉంటుంది. అవి ఎదిగేది మాత్రం రొమ్ము ఎముక వెనకాల ఉండే థైమస్ గ్రంథిలో. వాటిని పక్వానికి తెచ్చే హార్మోన్ ఆ గ్రంథిలో ఉండి ఉంటుందన్న ఆలోచనతో గిడియన్ గోల్డ్‌స్టీన్ బృందం పశువుల థైమస్‌ను పరిశోధించింది. అలా 1975లో బయటపడిందే యుబిక్విటిన్. తీరా చూస్తే అది థైమస్‌కే పరిమితం కాదు. మిగతా అవయవాల్లోనూ, మొక్కల్లోనూ, ఈస్ట్‌లోనూ ఉంది. టి కణాలను పక్వం చేయడం దాని పని కాదని కూడా తర్వాత తేలింది. అయినా ఆ వెతుకులాట వృథా కాలేదు. టి కణాల నడవడికను దిద్దడంలో యుబిక్విటిన్‌కు ఎంత పాత్ర ఉందో పాతికేళ్ల తర్వాత ఒక్కొక్కటిగా తెలియసాగింది.

2. మనకూ ఈస్ట్‌కూ మూడే తేడాలు

యుబిక్విటిన్‌లో ఉండేవి 76 అమైనో ఆమ్లాలే. పిండిని పులియబెట్టే ఈస్ట్‌లోని యుబిక్విటిన్‌ను మనిషిలోని దానితో పోల్చి చూస్తే మూడంటే మూడు చోట్లే తేడా కనిపిస్తుంది. ఈస్ట్ పూర్వీకులూ మన పూర్వీకులూ వేరుపడి వంద కోట్ల ఏళ్లు దాటినా ఈ ప్రొటీన్ దాదాపు అలాగే ఉండిపోయింది. ఇందులో వచ్చిన మార్పుల్లో చాలావాటిని ప్రకృతి నిలబడనివ్వలేదన్నమాట. పరిణామం ఇంత పదిలంగా కాపాడుకుంటూ వచ్చిన ప్రొటీన్లు చాలా తక్కువ.

3. విరగ్గొట్టడానికీ శక్తి కావాలి

ప్రొటీన్‌ను తయారుచేయడానికి శక్తి ఖర్చవుతుంది, అది సహజమే. ముక్కలు చేయడానికి మాత్రం శక్తి అక్కర్లేదు. మనం తిన్న పప్పులోని ప్రొటీన్‌ను జీర్ణరసాలు ఏ ఖర్చూ లేకుండానే విరగ్గొడతాయి. కణాలు మాత్రం తమ సొంత ప్రొటీన్లను వదిలించుకోవడానికి ఏటీపీ రూపంలో శక్తిని ఖర్చు చేస్తాయి. ఎందుకిలా? ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో, టెక్నియాన్ సంస్థలో పనిచేసిన అవ్‌రామ్ హెర్ష్‌కో, ఆరన్ సీకనోవర్, అమెరికా శాస్త్రవేత్త ఇర్విన్ రోజ్‌తో కలిసి ఈ చిక్కుముడి విప్పారు. ఏ ప్రొటీన్ పోవాలో ఎంచి, దానికి యుబిక్విటిన్ గుర్తు పెట్టడానికీ, గుర్తు పడినదాన్ని విప్పి లోపలికి లాక్కోవడానికీ ఆ శక్తి కావాలి. గుర్తు పడిన ప్రొటీన్‌ను ప్రోటియాసోమ్ అనే గొట్టం లాంటి నిర్మాణం ముక్కలు చేస్తుంది. ఈ ముగ్గురికీ 2004లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

4. గుర్తు పెట్టేవాళ్లు ఆరు వందల పైచిలుకు

యుబిక్విటిన్‌ను తగిలించే పని మూడు అంచెల్లో సాగుతుంది. ఈ1 ఎంజైమ్ దాన్ని సిద్ధం చేస్తుంది. ఈ2 అందుకుంటుంది. ఏ ప్రొటీన్‌కు తగిలించాలో చూపించేది ఈ3. మనిషిలో ఈ1 ఎంజైమ్‌లు రెండే. ఈ2లు సుమారు 40. ఈ3లు మాత్రం 600కు పైనే! ఒక్కో ఈ3 కొన్ని ప్రొటీన్లనే గుర్తుపడుతుంది కాబట్టి అన్ని కావాలి. పెట్టిన గుర్తును తీసేసే ఎంజైమ్‌లు మరో వంద దాకా ఉన్నాయి. అంటే కణం తన తీర్పును వెనక్కి తీసుకోగలదు కూడా. టి కణాల కథంతా ఈ ఈ3ల చుట్టూ, గుర్తు తీసేసే ఎంజైమ్‌ల చుట్టూనే తిరుగుతుంది.

5. గొలుసు మారితే ఆదేశం మారుతుంది

యుబిక్విటిన్ పడిన ప్రతి ప్రొటీన్‌కూ చావు రాసిపెట్టి ఉండదు. ఒక యుబిక్విటిన్‌కు మరొకటి తగులుకుంటూ గొలుసులు ఏర్పడతాయి. యుబిక్విటిన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం ఏడుచోట్ల ఉంది. 48వ స్థానంలోని లైసిన్ దగ్గర కలుస్తూ పోయిన గొలుసుకు ‘దీన్ని ముక్కలు చేయండి’ అని అర్థం. 63వ స్థానంలో కలిస్తే ‘ఇక్కడికి వచ్చి చేరండి, సంకేతాన్ని ముందుకు పంపండి’ అని. ఒకే ప్రొటీన్‌తో ఇన్ని రకాల ఆదేశాలు ఇవ్వగలగడం వల్లే టి కణం నిమిషాల్లో తన తీరు మార్చుకోగలుగుతుంది.

6. టి కణం చూసేది ముక్కలనే

శత్రువులను చంపే టి కణాలకు ఇతర కణాల లోపల ఏం జరుగుతోందో కనిపించదు. అందుకే దాదాపు ప్రతి కణమూ తన లోపలి ప్రొటీన్ల ముక్కలను ఎంహెచ్‌సీ అనే అణువుల మీద పెట్టి బయటకు చూపిస్తుంది. ఒక్కో ముక్కలో 8 నుంచి 10 అమైనో ఆమ్లాలుంటాయి. ఆ ముక్కల్లో ఎక్కువ శాతం ప్రోటియాసోమ్ నుంచి వచ్చినవే. వాటిలో వైరస్‌కు చెందింది ఉంటే టి కణం ఆ కణాన్ని చంపేస్తుంది. శరీరంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఇంటర్‌ఫెరాన్-గామా అనే సంకేత ప్రొటీన్ ప్రభావంతో ప్రోటియాసోమ్‌లోని కొన్ని భాగాలు మారి, టి కణాలకు చూపించడానికి మరింత అనువైన ముక్కలు తయారవుతాయి. శత్రువు ఆనవాలును టి కణానికి అందించేది కూడా యుబిక్విటిన్ వ్యవస్థేనన్నమాట.

7. మేల్కొలిపేదీ అదే

యుబిక్విటిన్ టి కణాలను అణచిపెట్టడానికే ఉందనుకుంటే పొరపాటు. టి కణంలో ఎన్ఎఫ్-కప్పాబి అనే ప్రొటీన్ ఎన్నో జన్యువులను మేల్కొలుపుతుంది. మామూలు సమయంలో దాన్ని ఐ-కప్పాబి అనే మరో ప్రొటీన్ కదలనివ్వకుండా పట్టి ఉంచుతుంది. టి కణం శత్రువును గుర్తించగానే 63 రకం గొలుసులు ఏర్పడి, సంకేతాన్ని మోసే ప్రొటీన్లను ఒకచోట చేరుస్తాయి. ఆ తర్వాత ఐ-కప్పాబికి 48 రకం గొలుసు పడుతుంది, ప్రోటియాసోమ్ దాన్ని ముక్కలు చేస్తుంది. విడుదలైన ఎన్ఎఫ్-కప్పాబి కేంద్రకంలోకి వెళ్లి పని మొదలుపెడుతుంది. పిలిచే గొలుసు ఒకటి, తొలగించే గొలుసు మరొకటి. రెండూ కలిస్తేనే టి కణం లేచి నిలబడుతుంది.

8. రెండు తాళంచెవులుంటేనే...

బ్యాంకు లాకర్ తెరవాలంటే మన తాళంచెవి ఒక్కటే చాలదు, బ్యాంకు వారిదీ కావాలి. టి కణమూ అంతే. దాని గ్రాహకానికి సరిపోయే ముక్క కనబడటం మొదటి సంకేతం. ‘నిజంగానే ప్రమాదం ఉంది’ అంటూ ఎదుటి కణం నుంచి సీడీ28 అనే మరో గ్రాహకం ద్వారా అందేది రెండోది. మొదటిది మాత్రమే అందితే టి కణం ఊరుకోవడంతో సరిపెట్టదు. తర్వాత రెండు సంకేతాలూ కలిసి వచ్చినా సరిగా స్పందించదు! 1987లో మార్క్ జెంకిన్స్, రొనాల్డ్ ష్వార్జ్ దీన్ని ప్రయోగంతో చూపించారు. ఈ స్థితినే అనర్జీ అంటారు. థైమస్‌లో ప్రమాదకర కణాలను ఏరేసే వడపోతను తప్పించుకుని బయటకొచ్చిన, మన మీదే తిరగబడగల టి కణాలను నిలువరించే మార్గాల్లో ఇదొకటి.

9. ఊరుకోవడమూ ఒక పనే

అనర్జీలోకి వెళ్లిన టి కణం ఏమీ చేయకుండా పడి ఉంటుందని అనిపిస్తుంది. భారతీయ మూలాలున్న శాస్త్రవేత్త అంజనా రావు బృందం 2004లో దీనికి భిన్నమైన చిత్రాన్ని చూపించింది. మొదటి సంకేతం ఒక్కటే అందినప్పుడు కణంలో కాల్షియం పెరుగుతుంది. ఆ కాల్షియం వల్ల ఇచ్, సీబీఎల్-బి, గ్రెయిల్ అనే మూడు ఈ3 ఎంజైమ్‌లు ఎక్కువగా తయారవుతాయి. సంకేతాన్ని మోయాల్సిన పీఎల్‌సీ-గామా1, పీకేసీ-థీటా ప్రొటీన్లు ఆ తర్వాత తగ్గిపోతాయి. వీటిలో గ్రెయిల్‌ను అంతకు ముందు ఏడాదే స్టాన్‌ఫర్డ్‌లో గ్యారిసన్ ఫాత్‌మన్ బృందం అనర్జీ మీద పరిశోధిస్తూ కనిపెట్టింది. అంటే ఓర్పు అనేది చేతకానితనం కాదు. టి కణం జన్యువులను కదిలించి, కొత్త ప్రొటీన్లు తయారుచేసి, శక్తి వెచ్చించి మరీ సంపాదించుకునే గుణం.

10. చంపకుండానే ఆపేసే సీబీఎల్-బి

ఆ మూడింటిలో సీబీఎల్-బి ప్రత్యేకమైంది. 2000లో రెండు బృందాలు ఈ జన్యువు లేని ఎలుకలను పరిశీలించాయి. వాటి టి కణాలు రెండో సంకేతం కోసం ఆగలేదు, మొదటిది అందగానే చెలరేగిపోయాయి. వాటికి ఆటోఇమ్యూన్ జబ్బులు ఇట్టే వచ్చాయి. మరుసటి ఏడాది ఇంకో విశేషం తెలిసింది. సీబీఎల్-బి, పీఐ3కే అనే ఎంజైమ్‌లోని ఒక భాగానికి యుబిక్విటిన్ తగిలిస్తుంది గానీ దాన్ని నాశనం చేయించదు. సీడీ28 దగ్గరకు వెళ్లనివ్వకుండా ఆపుతుందంతే. ఈ జన్యువు పాడైన పిల్లల్లోనూ రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పుతుందని 2022లో వైద్యులు గుర్తించారు.

11. దురదతో అల్లాడిన ఎలుకలు

కొన్ని ప్రయోగశాల ఎలుకల బొచ్చు రంగు మారింది. దాంతోపాటు అవి ఆగకుండా గోక్కుంటూ చర్మం పుండ్లు చేసుకునేవి. ఊపిరితిత్తులు, కడుపు కూడా వాచిపోయేవి. క్రోమోజోమ్‌లో ఒక ముక్క తలకిందులు కావడం వల్ల రంగుకు సంబంధించిన జన్యువుతో పాటు దాని పొరుగున ఉన్న మరో జన్యువూ దెబ్బతింది. 1998లో ఆ జన్యువును గుర్తించి, ఎలుకల బాధను బట్టి ‘ఇచ్’ అని పేరు పెట్టారు. అది చేసే పని 2002లో తేలింది. జున్-బి అనే ప్రొటీన్‌కు యుబిక్విటిన్ తగిలించి తొలగించేది ఈ ఇచ్. అది లేకపోతే జున్-బి పేరుకుపోతుంది. అప్పుడు టి కణాలు ఇంటర్‌ల్యూకిన్-4 లాంటి రసాయనాలను విపరీతంగా విడుదల చేసి అలర్జీ తరహా వాపును పెంచుతాయి.

12. పిల్లల్లో కనిపించిన నిజం

ఎలుకల్లో చూసింది మనుషులకు వర్తిస్తుందా? అమెరికాలోని ఆమిష్ సమాజంలో పెళ్లిళ్లు చాలావరకు తమలో తమకే జరుగుతాయి. దానివల్ల అరుదైన జన్యులోపాలు అక్కడి పిల్లల్లో ఎక్కువగా బయటపడతాయి. 2010లో ఆ సమాజంలోని 10 మంది పిల్లల్లో ఇచ్ జన్యువు పనిచేయడం లేదని తేలింది. వాళ్లు సరిగా ఎదగలేదు. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. కొందరిలో కాలేయం మీద, థైరాయిడ్ మీద, పేగుల మీద సొంత రోగనిరోధక వ్యవస్థే దాడి చేసింది. ఆరు వందలకు పైగా ఉన్న ఈ3లలో ఒక్కటి లేకపోతేనే పసిపిల్లలు ఇంత బాధ పడాల్సి వచ్చింది.

13. కాపలా కణాలకూ కాపలా

టి కణాల్లో కొన్ని తోటి కణాలను శాంతింపజేస్తాయి. వాటిని రెగ్యులేటరీ టి కణాలు అంటారు. వీటికి ఆయువుపట్టు ఫాక్స్‌పీ3 అనే ప్రొటీన్. ఈ కణాల గురించీ, ఫాక్స్‌పీ3 జన్యువు గురించీ చేసిన పరిశోధనలకే షిమోన్ సకాగుచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు 2025లో వైద్య నోబెల్ వచ్చింది. ఫాక్స్‌పీ3 ఎంతసేపు నిలబడాలో నిర్ణయించే వాటిలోనూ యుబిక్విటిన్ ఉంది. వాపు తీవ్రంగా ఉన్నప్పుడు స్టబ్1 అనే ఈ3 దానికి గుర్తు పెట్టి ముక్కలయ్యేలా చేస్తుంది. యూఎస్‌పీ7 అనే ఎంజైమ్ ఆ గుర్తును తీసేసి కాపాడుతుంది. ఈ రెండు సంగతులూ 2013లోనే తెలిశాయి. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు శాంతింపజేసే కణాలు కాస్త వెనక్కి తగ్గడానికి ఇదొక మార్గం.

14. రెండు చేతులా పనిచేసే ఏ20

గుర్తు తీసేయడం, గుర్తు పెట్టడం రెండూ ఒకే ప్రొటీన్ చేయగలదా? ఏ20 చేస్తుంది! 1990లో విశ్వ దీక్షిత్ బృందం దీని జన్యువును వర్ణించింది. ఇది లేని ఎలుకలు ఒళ్లంతా వాపుతో చిన్న వయసులోనే చనిపోతాయని 2000లో తేలింది. అదెలా పనిచేస్తుందో 2004లో తెలిసింది. వాపు సంకేతాన్ని మోసే ప్రొటీన్ నుంచి ముందు 63 రకం గొలుసును తీసేస్తుంది, తర్వాత అదే ప్రొటీన్‌కు 48 రకం గొలుసు తగిలిస్తుంది. సంకేతమూ ఆగుతుంది, దాన్ని మోసే ప్రొటీనూ పోతుంది. మనుషుల్లో ఈ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పాడైనా చిన్ననాటి నుంచే జ్వరాలు, నోటిపూత, పుండ్లు పదేపదే వస్తాయని 2016లో గుర్తించారు.

15. వయసు మళ్లాక వచ్చే జబ్బు వెనకా ఇదే

కొందరు పెద్దవయసు మగవాళ్లలో జ్వరం, చర్మం మీద దద్దుర్లు, చెవి మృదులాస్థి వాపు, రక్తహీనత కలిసి వచ్చేవి. కారణం తెలియక ఎన్నో పేర్లతో చికిత్స చేసేవారు. 2020లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 25 మంది రోగుల్లో ఒకే లోపాన్ని కనుగొన్నారు. ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండే యూబీఏ1 అనే ఈ1 జన్యువు ఎముక మజ్జ కణాల్లో మారిపోయింది. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చిన లోపం కాదు, జీవితంలో తర్వాత ఏర్పడింది. దానికి వెక్సాస్ అని పేరు పెట్టారు. యుబిక్విటిన్ పని మొదటి మెట్టులోనే తడబడితే రోగనిరోధక వ్యవస్థ ఎంత అల్లకల్లోలమవుతుందో దీన్ని బట్టి అర్థమవుతుంది.

16. హెచ్ఐవీ దొంగదెబ్బ

వైరస్‌లు ఈ వ్యవస్థను తమకు అనుకూలంగా వాడుకుంటాయి. హెచ్ఐవీ, సీడీ4 అనే గ్రాహకాన్ని పట్టుకుని టి కణంలోకి దూరుతుంది. ఆ తర్వాత వీపీయూ అనే తన ప్రొటీన్‌తో, కణానికే చెందిన బీటా-టీఆర్‌సీపీ అనే ఈ3 భాగాన్ని లాక్కొచ్చి, సీడీ4కే చావు గుర్తు పెట్టిస్తుంది. ఐ-కప్పాబిని తొలగించేందుకు టి కణం వాడుకునేది కూడా ఈ బీటా-టీఆర్‌సీపీనే! హెచ్ఐవీకే చెందిన విఫ్ అనే మరో ప్రొటీన్, వైరస్ జన్యుపదార్థాన్ని చెడగొట్టే అపోబెక్3జీ రక్షణ ఎంజైమ్‌కు ఇదే గతి పట్టిస్తుంది. మన ఆయుధాన్ని మన మీదికే తిప్పడమంటే ఇదే.

17. శాపంగా వచ్చిన మందు కథ

థాలిడమైడ్‌ను 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా అమ్మారు. గర్భిణులకు వేవిళ్ల బాధ తగ్గడానికీ ఇచ్చారు. ఫలితంగా వేలాది మంది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా ఎదగకుండా పుట్టారు. 1961లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత కుష్ఠు రోగుల్లో వచ్చే తీవ్రమైన వాపు ప్రతిచర్యను అది తగ్గిస్తుందని జెరూసలేంలో జాకబ్ షెస్కిన్ గమనించారు. ఇదంతా ఎలా జరుగుతుందో మాత్రం 2010 దాకా తెలియలేదు. ఆ ఏడాది జపాన్ శాస్త్రవేత్తలు ఆ మందు సెరెబ్లాన్ అనే ఈ3 భాగానికి అతుక్కుంటుందని కనుగొన్నారు. అలా అతుక్కున్నాక సెరెబ్లాన్ మామూలుగా ముట్టని ప్రొటీన్లకు గుర్తు పెడుతుంది. పిండంలో శాల్4 అనే ప్రొటీన్ పోవడమే అవయవ లోపాలకు ముఖ్య కారణమని 2018లో తేలింది. దీని తమ్ముడి వరసైన లెనాలిడమైడ్, ఇకారోస్ అనే ప్రొటీన్‌ను తొలగింపజేస్తుంది. దాంతో మైలోమా క్యాన్సర్ కణాలు చస్తాయి, టి కణాల్లో ఇంటర్‌ల్యూకిన్-2 ఉత్పత్తి పెరుగుతుంది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో తన భాగస్వామి టెవాతో కలిసి 2022లో లెనాలిడమైడ్ జనరిక్‌ను అమెరికా మార్కెట్‌లోకి తెచ్చింది. గర్భం దాల్చే అవకాశం ఉన్నవారికి ఈ మందులు ఇవ్వడంలో నేటికీ కఠినమైన నిబంధనలు ఉన్నాయి. థాలిడమైడ్ వల్ల దెబ్బతిన్న పిల్లల కష్టం నేర్పిన జాగ్రత్త అది.

18. క్యాన్సర్ మీదికి టి కణాలు

క్యాన్సర్ గడ్డలోకి వెళ్లిన టి కణాలు చాలాసార్లు చేతులెత్తేస్తాయి. సీబీఎల్-బి లేని ఎలుకల్లో అలా జరగలేదని, వాటి టి కణాలు గడ్డలను తిప్పికొట్టాయని 2007లో ప్రచురితమైన పరిశోధనలు చెప్పాయి. టి కణాలను అణచే పీడీ-1 అనే గ్రాహకానికి ఎఫ్‌బీఎక్స్ఓ38 అనే ఈ3 భాగం గుర్తు పెట్టి తగ్గిస్తుందని 2018లో ఒక పరిశోధన చెప్పింది. సీబీఎల్-బిని అడ్డుకునే మాత్రలను ఇప్పుడు క్యాన్సర్ రోగుల మీద పరీక్షిస్తున్నారు. అయితే ఆ అడ్డు తొలగించడంలో ప్రమాదమూ ఉంది. సీబీఎల్-బి లేని ఎలుకలకు ఆటోఇమ్యూన్ జబ్బులు వచ్చాయన్న సంగతిని ఈ పరిశోధకులు మరిచిపోలేరు.

19. ఎంత బలం అన్నది అసలు ప్రశ్న కాదు

కొవిడ్ తర్వాత ‘ఇమ్యూనిటీ పెంచుకోండి’ అన్న మాట ప్రతి ప్రకటనలోనూ వినిపిస్తోంది. ఇచ్ జన్యువు పనిచేయని పిల్లల రోగనిరోధక వ్యవస్థకు జోరు తక్కువేమీ కాదు, తగ్గాల్సిన చోట తగ్గడమే దానికి చేతకాలేదు. క్యాన్సర్ రోగికి టి కణాల మీద అదుపు సడలాలి. లూపస్‌తో, కీళ్లవాతంతో, అంటే ఆటోఇమ్యూన్ జబ్బులతో బాధపడేవారికి అదే అదుపు బిగియాలి. ఇద్దరికీ ఒకే మాట చెప్పలేం. వాపు జబ్బులకు స్టెరాయిడ్లు వాడేవారిలో చాలామందికి తెలుసు, అవి మంచి రక్షణనూ చెడ్డ దాడినీ కలిపి తగ్గిస్తాయి. ఒక్కో ఈ3 కొన్ని ప్రొటీన్లనే ఎంచుకుంటుంది కాబట్టి, దాన్ని గురిపెట్టే మందుతో మిగతా రక్షణను చెదరగొట్టకుండా అవసరమైనంత మేరకే సరిదిద్దవచ్చన్నది శాస్త్రవేత్తల ఆశ. ఆ ఆశకు కొన్ని ఆధారాలున్నాయి. అందుకే ఈసారి ఎవరైనా రోగనిరోధక శక్తి ‘పెంచే’ డబ్బా చూపిస్తే, మనకు కావాల్సింది కొట్టే బలంతో పాటు ఎప్పుడు ఆగాలో తెలిసిన వివేకం కూడా అని చెప్పండి.